ధాన్యపుకొట్టయిన నాటకశాల

మా యూరి పాత నాటకశాల చిరకాలము ధాన్యపుబస్తాలకు నెలవై యుండెను. దానిని పడగొట్టి దుకాణములు కట్టింపవలెనా యని పెద్దలు సభ చేసినపుడు, “నాటకమాడనిది నాటకశాల యెట్లగును?” అని వాదించి, కూల్చుటకే చేయెత్తితిని. ఒక్క వోటు ఆధిక్యముచే నా పక్షము గెలిచెను.

కొన్నియేండ్లకు నేను ఇంగ్లండునకు బోయి, యార్క్‌షైరు సీమలోని రిచ్‌మండను చిన్నపట్టణమున నొక నాటకశాలను జూచితిని. దానిని 1788లో శామ్యూల్ బట్లరను నటుడు కట్టించెను. అనుమతి లేక యాడెడు నటులను అదివఱకు చట్టము దేశదిమ్మరులలో జమకట్టెడిది. స్థానిక న్యాయాధికారులు 60 దినములవఱకు అనుమతి నీయవచ్చునని క్రొత్తచట్టము వచ్చినది ఆ యేటనే.

కాలక్రమమున ఆటలు సన్నగిల్లి, 1848లో శాల మూతబడెను. నేలతరగతి క్రింద ద్రాక్షసారాయి గిడ్డంగులు వెలసినవి. లోపల వేలంపాటలు సాగినవి. ధాన్యము నిలువ చేసిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున పాతసామానులు చేర్చిరి. పిమ్మట కొందఱు సంఘముగా నేర్పడి, ప్రజలవద్ద చందాలెత్తి బాగుచేయింపగా, 115 ఏండ్ల యనంతరము 1963లో మరల తెఱ లేచెను. 2003లో మఱియొకసారి జీర్ణోద్ధరణము జరిగెను. 1818కిని 1836కును నడుమ చిత్రింపబడిన యొక యడవిదృశ్యపు తెరలు అచట భద్రముగా నున్నవి. బ్రిటనున మిగిలిన రంగాలంకారములలో నదియే మిక్కిలి పాతదట.

నేను పైయంతస్తున బల్లపై గూర్చుంటిని. ఆట నచ్చనివారు కాలితో తన్ని చప్పుడు చేయుటకు వాడుకొనిన చెక్కపలక ముందఱ నున్నది. నా పాదము దానికి తగిలెను. ఆ తన్నునకు తగినవాడను నేనే యని తోచి సిగ్గుపడితిని. నాటకములు లేని కాలమున ఆ కట్టడమును కాపాడినది ఆ ధాన్యమే కదా! ఏదో యొక పనికి వచ్చుచుండుటచే దానిని కూల్చువారు లేకపోయిరి. మా యూర నేను చావునకు గుర్తుగా నెంచిన బస్తాలే యిచ్చట ప్రాణము నిలిపినవి.

ఇపుడు మా యూర ఆ చోట దుకాణములున్నవి. మా పిల్లలు నాటకమాడదలచినచో, పెండ్లిండ్లు లేని దినము చూచి కల్యాణమండపమును అద్దెకు దీసికొనుచున్నారు.

చదువరులారా! మీ యూర మూతబడిన నాటకశాల యున్నచో, అందు ధాన్యముండిన నుండనిండు. కప్పు కాఱకుండ మాత్రము చూడుడు. బస్తాలను తరలించుట యొకపూట పని. నేను కూల్చుటకెత్తిన చేయి, తిరిగి యొక యిటుకనైన నిలుపలేకపోయినది.