దేశాన్ని బట్టి ఫోను: ఢిల్లీ నుంచి అక్కకు ఉత్తరాలు

అశోకా రోడ్, కొత్త ఢిల్లీ
జూలై 2

అక్కా,

క్షేమంగా చేరాం. మీ చిన్నోడి అమెరికా వీసా ఇంటర్వ్యూ రేపు పొద్దున చాణక్యపురి ఎంబసీలో. హైదరాబాద్‌లో స్లాట్ దొరక్క ఇంత దూరం వచ్చాం గానీ, నువ్వు అప్పజెప్పిన రెండో పనికి ఈ ఊరే సరైనది. "వాడికి అమెరికాలో, మీ బావకు దుబాయిలో పనిచేసే ఫోన్లు చూడు. పేరు గొప్పదా కాదా అని కాదు, అవసరానికి మాట అందాలి" అన్నావు. ఆ మాటే పట్టుకుని తిరుగుతున్నాను. ఈ సంగతులు ఫోన్లో చెబితే అంకెలు గుర్తుండవు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. ఫోటో తీసి బావకు పంపు.

మధ్యాహ్నం ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో తిన్నాం. కందిపొడి, నెయ్యి, గోంగూర చూసేసరికి చిన్నోడికి ప్రయాణం అలసట తీరిపోయింది. తిన్నాక అదే రోడ్డు మీద నడిచి సంచార్ భవన్ దాకా వెళ్లాం. దేశంలో టెలికాం శాఖ ఉండేది ఇక్కడే. మన దేశంలో మొదటి మొబైల్ కాల్ వచ్చింది కూడా ఈ భవనానికే. 1995 జూలై 31న కలకత్తా రైటర్స్ బిల్డింగ్ నుంచి ముఖ్యమంత్రి జ్యోతి బసు చేస్తే, ఇక్కడ కేంద్ర మంత్రి సుఖ్‌రామ్ అందుకున్నారు.

గేటు ముందు నిలబడి చిన్నోడికి ఒక సంగతి చెప్పాను. మనం తీసుకున్నది యూరప్‌లో పుట్టిన జీఎస్ఎం పద్ధతి. దాంట్లో మన దేశం 900, 1800 మెగాహెర్ట్జ్ తరంగాలు వాడింది. అమెరికాలో వాడినవి 850, 1900. అందుకే ఇక్కడ బ్రహ్మాండంగా మాట్లాడిన ఫోను ఆ రోజుల్లో న్యూయార్క్‌లో దిగగానే మూగబోయేది. నాలుగు రకాల తరంగాలనూ అందుకునే క్వాడ్ బ్యాండ్ ఫోన్లు వచ్చాక ఆ బాధ చాలావరకు తప్పింది. 2003 ప్రాంతంలో మన ఇళ్లలోకి ఇంకో పద్ధతివి, రిలయన్స్ సీడీఎంఏ ఫోన్లు, వచ్చాయి, నీకు గుర్తుండే ఉంటాయి. వాటి నంబరు ఫోనులోనే ఉండేది, సిమ్ తీసి ఇంకో ఫోన్లో వేసుకునే వీలే లేదు.

ఇప్పుడు పరిస్థితి మారింది, కానీ చిక్కు పోలేదు. 4జీకే పదుల కొద్దీ బ్యాండ్లు, అంటే తరంగాల వరుసలు, ఉన్నాయి. ఒక్కో దేశం కొన్నిటిని ఎంచుకుంది. రేడియోలో ఏ స్టేషన్ ఏ అంకె దగ్గర వస్తుందో తెలియకపోతే ఎంత ఖరీదైన రేడియో అయినా గరగరమంటుంది కదా, ఇదీ అంతే. అందుకని ముందు ఏ దేశమో తేల్చుకోవాలి, ఆ తర్వాతే ఫోను.

నీ తమ్ముడు


కరోల్ బాగ్, కొత్త ఢిల్లీ
జూలై 3

అక్కా,

శుభవార్త నీకు పొద్దున్నే చేరింది. పాస్‌పోర్ట్ అక్కడే ఉంచుకున్నారు, అంటే వీసా వచ్చినట్టే. ఎంబసీ లోపలికి సెల్‌ఫోన్ తీసుకెళ్లనివ్వరు. వాడు బయటికి వచ్చేదాకా వాడి ఫోను నా చేతిలోనే ఉంది. ఊరికే కూర్చోకుండా సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ తెరిచి మోడల్ నంబర్ రాసుకున్నాను. డబ్బా మీద పెద్దక్షరాలతో ఉండే పేరు వేరు, ఈ నంబర్ వేరు. అసలు జాతకమంతా ఈ నంబర్‌లోనే ఉంటుంది.

ఉదాహరణకు ఐఫోన్ 13 తీసుకో. మన దగ్గర అమ్మినదాని నంబర్ ఏ2633, అమెరికాలో అమ్మినది ఏ2482. చూడ్డానికి రెండూ ఒకటే. కానీ 71వ బ్యాండ్ అమెరికా రకంలో ఉంది, మనదాంట్లో లేదు. ఆ 71 అంటే 600 మెగాహెర్ట్జ్, అక్కడి టీ-మొబైల్ కంపెనీ వాడేది. ఇంత తక్కువ తరంగం చాలా దూరం పోతుంది, గోడల్ని దాటుకుని గదిలోకి వస్తుంది. ఊరి నడిబొడ్డున ఉన్నవాడికి అది లేకపోయినా గడుస్తుంది. ఊరి చివర అద్దె తక్కువని బేస్‌మెంట్ గదిలో ఉండే విద్యార్థికి మాత్రం అదే దిక్కు.

సాయంత్రం గఫ్ఫార్ మార్కెట్‌కు వెళ్లాం. సన్నటి సందులు, అడుగడుగునా ఫోన్ల దుకాణాలు, ఒక్కో బల్ల దగ్గర భూతద్దం కింద ఫోను విప్పి పెట్టుకుని కూర్చున్న కుర్రాళ్లు. సూదిమొన అంత భాగాన్ని పట్టకారుతో తీసి పక్కన పెడుతున్న వాళ్ల చేతి ఒడుపు చూస్తూ చిన్నోడు అక్కణ్నుంచి కదల్లేదు.

ఒక దుకాణంలో అమెరికా నుంచి వచ్చిన పాత ఐఫోన్ చూపించారు. సగం ధరకే ఇస్తామన్నారు. "అమెరికాదే కదా మామా, అక్కడ తప్పకుండా పనిచేస్తుంది" అని వాడు ముచ్చటపడ్డాడు. చేతిలోకి తీసుకుని సెట్టింగ్స్‌లో జనరల్, అబౌట్ అని లోపలికి వెళ్లాను. కిందికి జరిపితే క్యారియర్ లాక్ అనే వరుస ఉంటుంది. అక్కడ 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అని ఉండాలి. ఈ ఫోన్లో సిమ్ లాక్డ్ అని ఉంది. అంటే అక్కడెవరో ఏదో టెలికాం కంపెనీ దగ్గర, బహుశా వాయిదాల మీద, తీసుకున్న ఫోను ఇది. ఆ కంపెనీ తాళం తీస్తే తప్ప వేరే సిమ్ పనిచేయదు. దుకాణదారుకు దణ్ణం పెట్టి వచ్చేశాం.

అమెరికా ఐఫోన్ల సంగతి ఇంకొకటుంది. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అక్కడ అమ్మే వాటికి సిమ్ పెట్టుకునే అరే ఉండదు, అంతా ఈ-సిమ్. మన దగ్గర అమ్మే ఐఫోన్ 14కు మాత్రం ఒక నానో సిమ్, దానితోపాటు ఈ-సిమ్ రెండూ ఉంటాయి. మన సిమ్ ముక్కను జేబులో పెట్టుకుని అక్కడ కొత్త ఫోను కొంటే, ఆ ముక్క పెట్టడానికి చోటే ఉండదు.

పాత ఫోను ఎక్కడ కొన్నా ఇంకో పరీక్ష చేయాలి. డయల్ చేసే చోట *#06# నొక్కితే పదిహేను అంకెల ఐఎంఈఐ కనిపిస్తుంది. కేవైఎం అని రాసి, కాస్త ఖాళీ వదిలి, ఆ అంకెలు వేసి 14422కు మెసేజ్ పంపితే అది సక్రమమైన ఫోనో, బ్లాక్ చేసిందో చెబుతుంది. పోయిన ఫోన్లను ఇలా బ్లాక్ చేసే ఏర్పాటు 2019 చివరలోనే ఢిల్లీకి వచ్చింది. 2023 మే నుంచి సంచార్ సాథీ పేరుతో దేశమంతటికీ ఉంది. ఎవరో కన్నీళ్లు పెట్టుకుని పోగొట్టుకున్న వస్తువు తెలియక కూడా మన ఇంటికి రాకూడదు.

నీ తమ్ముడు


నోయిడా
జూలై 6

అక్కా,

ఈ రోజు మెట్రో ఎక్కి యమున దాటి నోయిడా వచ్చాం. ఇక్కడి సెక్టార్ 81లోనే శాంసంగ్ ఫోన్ల ఫ్యాక్టరీ ఉంది. 2018 జూలై 9న ప్రధాని మోదీ, దక్షిణ కొరియా అధ్యక్షుడు మూన్ జే-ఇన్ కలిసి విస్తరించిన ప్లాంటును ప్రారంభించారు. ప్రపంచంలోకెల్లా పెద్ద మొబైల్ ఫ్యాక్టరీ అని అప్పుడు చెప్పుకున్నారు. బయటినుంచే చూశాం.

మన జగిత్యాల కుర్రాడొకడు ఇక్కడ నెట్‌వర్క్ పరీక్షల ఉద్యోగం చేస్తున్నాడు. భోజనానికి పిలిచాడు. అన్నం తింటూనే వాడు చెప్పిన సంగతి వినాలి. బ్యాండ్ కలిస్తే ఇంటర్నెట్ వస్తుంది గానీ కాల్ వస్తుందన్న హామీ లేదట. కాల్ కూడా 4జీ మీదే నడవాలంటే వోల్టీ ఉండాలి. మన దేశంలో 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది ఈ పద్ధతితోనే. మిగతా కంపెనీల్లో 4జీ కాల్ కుదరనప్పుడు ఫోను 2జీకి దిగి మాట్లాడుతుంది. అందుకే మనకు తేడా తెలియదు.

అమెరికాలో అలా దిగడానికి మెట్టు దాదాపు లేదు. 2022లో ఏటీ అండ్ టీ ఫిబ్రవరిలో, టీ-మొబైల్ జూలైలో, వెరైజన్ డిసెంబర్ ఆఖరుకు 3జీని ఆపేశాయి. ఇప్పుడు అక్కడ మాట్లాడాలంటే వోల్టీ దాదాపు తప్పనిసరి. పైగా ఫోన్లో వోల్టీ ఉంటే సరిపోదు, ఆ కంపెనీ ఒప్పుకోవాలి. ఏటీ అండ్ టీ తన నెట్‌వర్క్‌లో పనిచేసే ఫోన్ల జాబితానే పెట్టుకుంది. అందులో మోడల్ లేకపోతే ఫోను ఎంత మంచిదైనా లాభం లేదు. బయటి ఫోన్ల విషయంలో టీ-మొబైల్ కాస్త ఉదారంగా ఉంటుందట.

ఆస్ట్రేలియా సంగతి విన్నాక చిన్నోడు కూడా గంభీరమైపోయాడు. అక్కడ టెల్‌స్ట్రా, ఆప్టస్ 2024 అక్టోబర్ 28న 3జీ మూసేశాయి. కొన్ని ఫోన్లు మామూలు కాల్ 4జీ మీద చేస్తాయి గానీ, అత్యవసరంగా 000 నొక్కితే మాత్రం 3జీని వెతుక్కుంటాయి. అది లేదు కాబట్టి అంబులెన్స్‌కు కాల్ పోదు. అలాంటి ఫోన్లకు అసలు నెట్‌వర్కే ఇవ్వొద్దని ప్రభుత్వం నిబంధన పెట్టింది. వినడానికి కఠినంగా ఉన్నా న్యాయమే. పని చేస్తుందని నమ్మించి ప్రాణం మీదికి వచ్చినప్పుడు చెయ్యిచ్చే ఫోను కంటే, మొదటిరోజే పనిచేయనని చెప్పే ఫోను మేలు. మీ మరిది కూతురు మెల్‌బోర్న్ వెళ్లే ముందు ఈ సంగతి తప్పకుండా చెప్పు.

ఈ బ్యాండ్ నంబర్లు దాచిపెట్టు.

మన దేశంలో 4జీకి ముఖ్యమైనవి 3, 5, 8, 40, 41. 5జీకి ఎన్78, జియోకు దానితోపాటు ఎన్28.

దుబాయిలో 4జీకి 3, 20. 5జీకి ఎన్78.

అమెరికాలో టీ-మొబైల్‌కు 2, 4, 12, 66, 71. 5జీకి ఎన్41, ఎన్71. వెరైజన్‌కు 13, ఏటీ అండ్ టీకి 12 చూసుకోవాలి. ఈ రెండింటి 5జీకి ఎన్77.

ఈ మూడు వరుసలు చూస్తే నీకే అర్థమవుతుంది. మనకూ దుబాయికీ 3, ఎన్78 ఉమ్మడి. బావ ఏ ఊళ్లో కొన్నా చాలావరకు రెండు చోట్లా వాడుకోవచ్చు. అమెరికా దారి వేరు. మన దగ్గర దొరికే మధ్యరకం ఫోన్లలో చాలావాటికి 71 ఉండదు, 13 కూడా కొన్నిటికే ఉంటుంది.

నీ తమ్ముడు


గురుగ్రామ్
జూలై 8

అక్కా,

రేపు రాత్రి రైలు. నిర్ణయం తీసుకున్నాను, కారణాలతో సహా రాస్తున్నాను.

చిన్నోడికి ఇక్కడ ఖరీదైన ఫోను కొనడం లేదు. ఇప్పుడున్న ఫోన్లో 2, 4, 12, 66 ఉన్నాయి, వోల్టీ ఉంది. వాడు వెళ్లే డాలస్‌లో దిగిన రోజు నుంచి టీ-మొబైల్ సిమ్ మీద నీకు ఫోన్ చేయడానికి అది చాలు. నిలదొక్కుకున్నాక అక్కడే, అక్కడి మోడలే, పూర్తి ధర కట్టి, తాళం లేనిది కొనుక్కోవాలి. కాంట్రాక్టు మీద తక్కువకు ఇస్తామన్నా తీసుకోవద్దని చెప్పాను. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు తాళం ఉన్న ఫోన్లో మన సిమ్ పలకదు. ఆ డబ్బు ఇప్పుడే పంపకుండా బ్యాంకులో ఉంచు.

కొత్తది కొన్నా పాత ఫోను పారేయకూడదు. మన సిమ్ అందులోనే ఉండాలి. చదువు అప్పు తీసుకున్న బ్యాంకు ఓటీపీ పంపేది ఈ నంబర్‌కే. బయల్దేరే ముందు ఇంటర్నేషనల్ రోమింగ్ తెరిపించాలి, నంబర్ చచ్చిపోకుండా ఇక్కడినుంచి నువ్వు రీచార్జ్ చేస్తూ ఉండాలి. మన సిమ్‌ను ఈ-సిమ్‌గా మార్చుకోవాలనుకుంటే విమానం ఎక్కకముందే చేయించుకోవాలి, అక్కడికి వెళ్లాక అది పెద్ద తతంగం.

ఇంకో వెసులుబాటు కూడా వచ్చింది. ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలున్న వాళ్లు విదేశీ నంబర్‌తోనే యూపీఐ వాడుకోవచ్చని 2023 జనవరిలో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ పది దేశాలకు అనుమతిచ్చింది. అందులో అమెరికా, యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్, ఆస్ట్రేలియా ఉన్నాయి. బావను తన బ్యాంకులో అడగమను.

బావకు మాత్రం ఇక్కడే కొన్నాను. రెండు సిమ్‌లు పట్టే ఫోను, బిల్లుతో. ఒకదాంట్లో దుబాయి నంబర్, రెండోదాంట్లో మనది. దుబాయిలో వాట్సాప్ కాల్స్ ఆపేసి ఉంటాయని తెలుసు కదా. మెసేజ్ వెళ్తుంది, మాట వెళ్లదు. అక్కడ అనుమతి ఉన్న కాలింగ్ యాప్ పెట్టుకుని, అదే నువ్వు కూడా నీ ఫోన్లో పెట్టుకోవాలి. అది ఏదో బావ తోటివాళ్లను అడిగి చెబుతాడు. ఈ సంగతి తెలియక ఫోను పాడైందనుకుని మార్చేవాళ్లున్నారు.

అక్కా, మన జిల్లాలో పాస్‌పోర్ట్, వీసా, టికెట్ అన్నీ పదిసార్లు చూసుకుంటారు. ఫోను మాత్రం వెళ్లే ముందురోజు అంగడిలో రంగు చూసి, కెమెరా చూసి కొంటారు. పరాయి దేశంలో మొదటి నెల గడిచేది దాని మీదే. అమ్మకు మాట, బ్యాంకుకు ఓటీపీ, ఆపదలో 911 అన్నీ దాని గుండానే పోవాలి. కాబట్టి ఫోను కూడా ప్రయాణ పత్రాల్లో ఒకటని మన వాళ్లంతా అనుకోవాలని నా కోరిక.

నీ దగ్గరికి ఎవరి పిల్లలు వెళ్తున్నామని చెప్పడానికి వచ్చినా నాలుగు ప్రశ్నలు అడుగు. ఆ దేశపు బ్యాండ్లు మోడల్ నంబర్‌తో సరిచూశావా? అక్కడి కంపెనీ నీ ఫోనుకు వోల్టీ ఇస్తుందా? తాళం లేదని కళ్లతో చూశావా? మన సిమ్ బతికి ఉండే ఏర్పాటు చేశావా? నాలుగింటికీ అవునంటే బొట్టు పెట్టి పంపు. ఒక్కదానికి తడబడినా నా నంబర్ ఇవ్వు. వాళ్లతో కూర్చుని నేను చూసిపెడతాను.

నీ తమ్ముడు