కూలుడా, రాలుడా

మిరుగం దాటి నాట్లు మొదలయ్యే రోజుల్లో, ఎల్లారెడ్డిలో మా ఇంటి అరుగు మీద తడిసిన గొంగడి వాసన, పొయ్యి మీద ఉడికే మక్క గటుక వాసన, పెద్దబాపు చుట్ట వాసన కలగలిసిపోయే పొద్దుటి పూట, కామారెడ్డి బస్సులో పేపరు వచ్చేది. వాడకంతటికీ అదొక్కటే. బడిపంతులైన పెద్దబాపు అద్దాలు తుడుచుకుని పైకి చదివితే, నాట్లకు పోయేవాళ్లు ఆగి, అవ్వ చాట ఒళ్లో పెట్టుకుని, పిల్లలం అరుగంచున కాళ్లు ఊపుకుంటూ వినేవాళ్లం. మాకు పేపరంటే పెద్దబాపు గొంతే.

1979 జులైలో ఎక్కడ చూసినా స్కైలాబ్ ముచ్చటే. ఆరేండ్ల కింద అమెరికావాళ్లు పైకి పంపిన 77 టన్నుల ప్రయోగశాల కిందికొస్తోందని, శకలాలు ఎక్కడ పడేదీ ముందుగా చెప్పలేరని వార్త. అచ్చులో ఉన్నట్టే పెద్దబాపు "కూలుతది" అని చదివాడు. మా దగ్గర కూలేది వానకు నానిన మట్టిగోడ. అది కూలితే ఏమయితదో తెలియని ఇల్లు ఊళ్లో లేదు. పొద్దుగూకేసరికి కోళ్లు, మేకలు కోతకొచ్చాయి, కల్లు మండువా నిండిపోయింది, "రేపుంటమో లేదో" అన్న మాట ఇల్లిల్లూ తిరిగింది. పొట్టుగంపలో పదకొండు గుడ్లు పొదుగుతున్న నల్లకోడిని అవ్వ కూడా, "పోరగాండ్లన్న కడుపునిండ తిననీ" అంటూ కోయించింది.

ఆ రాత్రి చేయి కడుక్కుంటూ అవ్వ అడిగింది, "శకలాలంటే ఏంది కొడుకా?"

పెద్దబాపు చాలాసేపు ఊరుకున్నాడు.

"ఇనుప తునకలే అవ్వా. బండికి పది బస్తాల లెక్కన డెబ్బయ్యేడు బండ్లయితయి. చెరుకు సీజన్ల బోధన్ ఫ్యాక్టరీ ముందల అంతకన్న ఎక్కువ బండ్లే నిలవడతయి. భూమ్మీద నేలకన్న నీళ్లే ఎక్కువాయె. యాడనో సముద్రంల రాలుతయి."

రాలుడంటే మాకు తెలుసు. చింతపూత రాలుడు, వేపపండ్లు రాలుడు. అవ్వ దీపం తగ్గించి పడుకుంది.

11వ తేదీ రాత్రి ఆ తునకలు హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో రాలాయి. ఎవరికీ దెబ్బ తగలలేదు. గుడ్లను అవ్వ ఎదురింటి చిన్నమ్మ కోడి కిందికి మార్చింది, ఆరు పిల్లలయ్యాయి.

2025 ఆగస్టులో కామారెడ్డి జిల్లా మీద వాన విరుచుకుపడి పోచారం ప్రాజెక్టు మత్తడి దుంకిన రోజు, "మత్తడి దుంకింది" అనాల్సిన చోట ఫోనులో ఎవరో "కట్ట తెగింది" అన్నారు. మా కోడలు వణికే చేతులతో పిల్లల బట్టలు మూటగట్టింది. వందేండ్ల నాటి ఆ కట్ట నిలబడింది. మర్నాడు మూట ముడి విప్పుతుంటే, పొట్టుగంపలో తల్లి లేని ఆ పదకొండు గుడ్లూ, ఇంకా చల్లారని వాటి వెచ్చదనమూ నా చేతికి తగిలినట్టయింది.