దేహమను పేరు

కరీంనగరమున ఫిజియోథెరపీ చికిత్సాలయము నెలకొల్పబోవు నా చెల్లెలు దానికొక పేరు చెప్పుమని నన్నడిగినది. "శరీరమనగా శిథిలమగునది, దేహమనగా వృద్ధినొందునది. దేహమనియే పేరు పెట్టుము" అంటిని.

ఈ భేదము మా యమ్మను చూచి తెలిసికొంటిని. ఆమె ఒడిలో చేట నుంచుకొని, ఆదిలాబాదు అడవుల తునికాకుతో 30 ఏండ్లు మెడవంచి బీడీలు చుట్టినది. తల దువ్వుకొనుటకు చేయి లేవకున్నను, "వయసు నొప్పులే" యని మేమూరకుంటిమి. ఆమెను శరీరముగనే చూచితిమి. చెల్లెలు చదువు ముగించి వచ్చి, దినదినము వ్యాయామము చేయింపగా, కొన్ని నెలలకు అమ్మ తన కొప్పు తానే ముడుచుకొన్నది.

ఫిజియోథెరపీ యను పదమునకు మూలమైన గ్రీకు మాటలకు ప్రకృతి, సేవ యని యర్థములు. కోలుకొను ప్రకృతి అమ్మయందే యుండెను. మేము చేయక మానినది సేవయే.