35 వేల అడుగుల మీద ఎవరు చూస్తారు?



మా మొహల్లాలో ఎవరి పిల్లవాడు గల్ఫ్‌కి బయల్దేరినా, చేతికి ఇమామ్ జామిన్ కడుతూ అమ్మీలు, ఖాలాలు, ఫూఫీలు ఒక మాట తప్పకుండా అడుగుతారు. "బేటా, విమానంలో అందరికీ షరాబ్ పోస్తారంట, నిజమేనా? వద్దంటే ఏమన్నా అనుకుంటారా?" పిల్లలు నవ్వేసి ఊరుకుంటారు. నాకు మాత్రం ఆ సవాల్ నవ్వులాటగా అనిపించదు. ఇంటి గడప దాటని ఆ అమ్మీలు పట్టుకున్న ఫికర్ చాలా అసలైన ఫికర్.

ముందు సీదా జవాబు చెప్తాను. మన దేశం లోపల తిరిగే విమానాల్లో షరాబ్ ఇవ్వరు. దేశం దాటే విమానాల సంగతి వేరు. సౌదియా, కువైట్ ఎయిర్‌వేస్ విమానాల్లో షరాబ్ ఉండదు. సౌదియాలో అయితే విమానం ఎగిరే ముందు సఫర్ దువా కూడా వినిపిస్తారు. ఎమిరేట్స్, ఖతార్ ఎయిర్‌వేస్, ఎతిహాద్‌లలో అడిగినవాళ్లకు ఇస్తారు. టికెట్ చౌకగా ఉండే కొన్ని విమానాల్లో పైసలిచ్చి కొనుక్కోవాలి. ఎక్కడా ఎవరూ జబర్దస్తీ చేయరు. "వద్దు, నీళ్లు ఇవ్వండి" అంటే నీళ్లే ఇస్తారు. అమ్మీలు ఆ విషయంలో నిశ్చింతగా ఉండవచ్చు.

ఇక ఎంత తాగుతారన్నది. 2024 డిసెంబర్‌లో సూరత్ నుంచి బ్యాంకాక్‌కి మొదటి విమానం ఎగిరినప్పుడు పత్రికలన్నీ ఒక ఖబర్ రాశాయి. సుమారు 175 మంది ముసాఫిర్లు, నాలుగు గంటల సఫర్, 15 లీటర్ల షరాబ్, 1 లక్షా 80 వేల రూపాయల అమ్మకం. స్టాక్ మొత్తం ఖాళీ అయిందని కొందరు రాస్తే, కంపెనీ వాళ్లు అయిపోలేదన్నారు. జనం మాత్రం వారం రోజులు మీమ్స్ పెట్టుకుని నవ్వుకున్నారు. నేను కాగితం తీసుకుని లెక్క వేశాను. తలకి 85 మిల్లీలీటర్లు. అంటే మూడు చిన్న పెగ్గులకి కాస్త తక్కువ. పిల్లలూ, తాగనివాళ్లూ కూడా ఉంటారు గనక తాగినవాళ్ల వాటా ఇంకా పెద్దది.

నన్ను ఆపింది ఆ లెక్క కాదు, ఊరు. సూరత్ ఉన్నది గుజరాత్‌లో. 1960లో ఆ రాష్ట్రం పుట్టినప్పటి నుంచీ అక్కడ మద్యనిషేధం. నేల మీద కానూన్ ఉంది, పోలీసులున్నారు, ఇరుగుపొరుగు ఉన్నారు. చక్రాలు నేల వదిలాక అవేవీ లేవు. మనవాళ్లని ఏమీ అనక్కర్లేదని కాదు. సౌదీ, కువైట్‌లలో ఏళ్ల తరబడి షరాబ్ ముట్టకుండా ఉండి, తిరుగు సఫర్‌లో వేరే దేశంలో విమానం మారగానే గ్లాసు అందుకునే వాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. ఆ ఏళ్ల పర్హేజ్ దిల్ నుంచి వచ్చిందా, పోలీసు ఖౌఫ్ నుంచి వచ్చిందా? విమానం ఎక్కాక తెలిసిపోతుంది.

"రెండే తాగాను" అనే మాట అందరూ అంటారు. విమానంలో ఇచ్చే చిన్న విస్కీ బుడ్డి సాధారణంగా 50 మిల్లీలీటర్లు. రెండు బుడ్లంటే 100, అంటే మూడు చిన్న పెగ్గులు దాటిపోయాయి. 187 మిల్లీలీటర్ల చిన్న వైన్ సీసాలో రెండు పెగ్గుల నషా ఉంటుంది. 330 మిల్లీలీటర్ల బీరు డబ్బాలో ఒక పెగ్గు కంటే ఎక్కువే ఉంటుంది. కాలేజా గంటకి దాదాపు ఒక చిన్న పెగ్గు మాత్రమే కరిగించగలదు. దుబాయ్ నుంచి హైదరాబాద్‌కి నాలుగు గంటల లోపే. ఆఖరి గంటలో తాగింది శంషాబాద్‌లో దిగాక కూడా ఒంట్లోనే ఉంటుంది.

పైగా విమానం లోపలి గాలి మన ఇంటి గాలి కాదు. లోపల ఒత్తిడి 6000 నుంచి 8000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నంతే ఉంచుతారు. గాలిలో తేమ కూడా చాలా తక్కువ. జర్మనీలో పరిశోధకులు 18 నుంచి 40 ఏళ్ల ఆరోగ్యవంతులు 48 మందితో ఒక పరీక్ష చేసి 2024లో ఫలితాలు బయటపెట్టారు. సగం మందిని మామూలు గదిలో, సగం మందిని విమానంలో ఉండేంత ఒత్తిడి ఉన్న గదిలో పడుకోబెట్టారు. ఒక రాత్రి తాగకుండా, ఒక రాత్రి రెండు బీర్లకి సమానమైన మద్యం ఇచ్చి. తాగి విమానం ఒత్తిడిలో పడుకున్నవాళ్ల రక్తంలో ఆక్సిజన్ 85 శాతానికి పడిపోయింది, గుండె నిమిషానికి 88 సార్లు కొట్టుకుంది. మామూలు గదిలో తాగకుండా పడుకున్నవాళ్లకి ఆక్సిజన్ 96, గుండె 64. కుర్రవాళ్ల సంగతే ఇది. బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్న మన మామూల సంగతి వేరే చెప్పాలా?

అయితే తెలియక తాగేవాళ్లు తక్కువ. ఒకసారి దుబాయ్‌లో భాయ్‌జాన్ దగ్గర పది రోజులుండి తిరిగి వస్తున్నాను. నా సీటు మధ్యలో. కిటికీ పక్కన నిజామాబాద్ వైపు కుర్రవాడు, పాతికేళ్లు ఉంటాయి. నడవ పక్కన జగిత్యాల పెద్దమనిషి. కుర్రవాడి ముందు మూడు ఖాళీ బుడ్లు. నేను బిస్మిల్లా అని ఖానా మొదలుపెట్టేసరికి అతని మొహం మారిపోయింది. గ్లాసు మీద కాగితం రుమాలు కప్పి, మెల్లగా, "భాయ్‌జాన్, మనోళ్లెవరికీ చెప్పరు గదా" అన్నాడు.

"నీ పేరు కూడా నాకు తెలియదు బేటా, ఎవరికి చెప్తాను" అన్నాను.

కాసేపటికి తనే చెప్పాడు. ఎనిమిది నెలల కింద అబ్బా ఇంతెఖాల్ అయ్యాడు. కంపెనీ ఛుట్టీ ఇవ్వలేదు. జనాజా ఫోన్‌లో చూశాడు. "ఇప్పుడు పోయి అమ్మీ మొహం ఎట్ల చూడాలె భాయ్? కబ్రస్తాన్‌కి ఎట్ల పోవాలె? జర నిద్ర పడ్తదేమోనని తాగిన. నిద్ర రాలే."

నాకు నసీహత్ చేయబుద్ధి కాలేదు. వాళ్ల అబ్బా కోసం మగ్ఫిరత్ దువా చేస్తానన్నాను. అతని కళ్లు నిండాయి. అప్పటిదాకా నిద్రపోతున్నాడనుకున్న జగిత్యాల పెద్దాయన తన నీళ్ల సీసా నా మీదుగా అందించాడు. "తమ్మీ, గది పక్కకు పెట్టి ఈ నీళ్లు తాగు. నేను పన్నెండేండ్లు క్యాంపుల తాగిన. ఇంటికి పోయినప్పుడల్లా మా అమ్మ వాసన చూసి ఏడ్చేది. వాసనతోటి తల్లి ముందట నిలబడకు." కుర్రవాడు సీసా మొత్తం తాగేశాడు. శంషాబాద్‌లో సామాను రావడానికి ముందు బాత్‌రూమ్‌కి మూడుసార్లు పోయి మొహం కడుక్కుని వచ్చాడు. బయట అతని అమ్మీ ఎదురుచూస్తోంది.

ఆ సీసా అందించినాయన ముసల్మాన్ కాదు. తాగినవాడు ముసల్మాన్. అందుకే "వాళ్లు తాగుతారు, మనం తాగం" అనే మాట నేను అనను.

ఒక విషయం మాత్రం మన పిల్లలకి నచ్చేలా చెప్పాలి. మన దీన్ ముసాఫిర్ కష్టం తెలిసిన దీన్. సఫర్‌లో నాలుగు రకాతుల ఫర్జ్ రెండవుతుంది. రంజాన్ రోజా తర్వాత ఖజా చేసుకోవచ్చు. వుజూలో తోలు మోజాల మీద మసహ్ స్థానికుడికి ఒక రోజు, ముసాఫిర్‌కి మూడు రోజులు. ఇన్ని రుఖ్సత్‌లు ఇచ్చిన అల్లాహ్ షరాబ్ దగ్గర మాత్రం ముసాఫిర్‌కి వేరే హుకుం ఇవ్వలేదు. ఎందుకంటే సఫర్‌లో మనిషి అప్పటికే బలహీనంగా ఉంటాడు. ఒంటరిగా ఉంటాడు. అక్ల్ అవసరం అప్పుడే ఎక్కువ. పైగా ముసాఫిర్ దువా ఖుబూల్ అవుతుందని మనకి హదీస్ ఉంది. ఆ నాలుగు గంటలు దువాకి అంత విలువైన సమయం. అదే సమయాన్ని నషాలో పోగొట్టుకోవడం ఎంత పెద్ద నుక్సాన్!

నుక్సాన్ తాగినవాడితో ఆగదు కూడా. 2022 నవంబర్‌లో న్యూయార్క్ నుంచి ఢిల్లీ వస్తున్న విమానంలో తాగిన ముసాఫిర్ ఒక పెద్దావిడ మీద మూత్రం పోశాడన్న ఆరోపణ దేశమంతా విన్నది. ఆ వ్యవహారంలో ఎయిర్ ఇండియాకి డీజీసీఏ 30 లక్షల జుర్మానా వేసింది. గలాటా చేసినవాళ్లని విమానం ఎక్కనివ్వకుండా మూడు నెలలు, ఆరు నెలలు, ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్లు, ఆపైన కూడా నిషేధించే నియమాలు 2017 నుంచి ఉన్నాయి. ఇక సౌదీలో తాగి దిగినవాడికి నౌకరీ కంటే ముందు జైలు ఎదురవుతుంది. ఒక ఇంటి కమాయీ మొత్తం ఒక గ్లాసులో పోతుంది.

బయల్దేరే పిల్లలకి నా సలహా ఇంతే. టికెట్ కొన్నప్పుడే ముస్లిం మీల్ అని రాయించుకోండి. ఆఖరి రోజుదాకా ఆగవద్దు. పక్కవాడు తాగుతుంటే గొడవ పెట్టుకోవద్దు, మొహం చిట్లించవద్దు. మరీ ఇబ్బందిగా ఉంటే విమాన సిబ్బందిని పిలిచి వేరే సీటు అడగండి. భయమేస్తే, నిద్ర పట్టకపోతే నీళ్లు తాగండి, తస్బీహ్ చదవండి, సఫర్ దువా ముందే జబానీ నేర్చుకుని పోండి.

ఇళ్లల్లో ఉండేవాళ్లకీ ఒక మాట. పరదేస్‌లో ఉన్న కొడుకుకి ఫోన్ చేస్తే పైసలు ఎప్పుడు పంపుతావనే కాదు, దిల్ ఎట్లా ఉందని కూడా అడగండి. అబ్బా జనాజాకి రాలేకపోయినవాడు, చెల్లి నికాహ్ ఫోన్‌లో చూసినవాడు ఏం మోస్తున్నాడో మనం అడగకపోతే ఆ బుడ్డి అడుగుతుంది. వచ్చినవాడు ఒకవేళ వాసనతో వచ్చినా, మొహల్లా ముందు వాడి ఇజ్జత్ తీయకండి. లోపలికి తీసుకుపోయి, గుస్ల్ చేయించి, ఖానా పెట్టండి. మాటలు తెల్లారాక. తౌబా దర్వాజా అల్లాహ్ మూయనప్పుడు, ఇంటి దర్వాజా మనం ఎందుకు మూయాలి?

అల్లాహ్ మన ముసాఫిర్లందరినీ సలామత్‌గా, హోష్‌తో, హలాల్ కమాయీతో వాళ్ల అమ్మీల దగ్గరకి చేర్చుగాక. ఆమీన్.