ఎల్లారెడ్డికి రెండు స్పీకర్లు

మా పెద్దబాపు ఫోన్ చేశాడంటే పని ఉన్నట్టు. కుశల ప్రశ్నలు ఆయనకు పడవు. "వానలప్పటి సంది పాటలు ఇంటలేను బిడ్డా. ఏవన్న రెండు మంచి స్పీకర్లు చూసి తీస్కరా" అన్నాడు, పెట్టేశాడు.

ఎల్లారెడ్డిలో ఒకప్పుడు ఆయన్ని ఎరగని ఇల్లు లేదు. మైకు సెట్టు ఆయనది. పెళ్ళి పందిరి లేచిందంటే ముందు రోజు రాత్రే వేపచెట్టు కొమ్మకు హారన్ కట్టేవాడు. తెల్లారుజామున ఘంటసాల గొంతు పొలాలు దాటి పక్క ఊరికి పోయేది. ఆ పాట వినే పక్క ఊరివాళ్ళు "ఇయ్యాల ఎల్లారెడ్డిల లగ్గం" అనుకునేవాళ్ళట. మధ్యలో కొన్నేళ్ళు టూరింగ్ టాకీసులో ఆపరేటరుగా కూడా చేశాడు. ఇప్పుడు ఎనభై నాలుగు. 2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి జిల్లా అంతా అతలాకుతలమైన వానలు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ రాత్రి ఆయన ఇంట్లో మోకాళ్ళ లోతు నీళ్ళు. పెద్దమ్మ బియ్యం బస్తా కాపాడింది, పెద్దబాపు రికార్డుల పెట్టె అటక మీదికి ఎక్కించాడు. రేడియోగ్రామ్ మాత్రం నీళ్ళలో నిలబడిపోయింది. దాని చెక్క ఉబ్బి, పొరలు పొరలుగా విడిపోయింది.

ఇక నా సంగతి. పాత స్పీకర్ల మీద నాకు పిచ్చి. ఇంట్లోవాళ్ళు ఇంకా గట్టి మాటే వాడతారు. కనక ఈ పనికి నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. ఆ నమ్మకం ఎల్లారెడ్డి చేరేదాకా చెక్కుచెదరలేదు!

జూబిలీ బస్టాండులో బస్సెక్కాను. ఆడవాళ్ళకు టికెట్టు లేకుండా చేసిన 2023 డిసెంబరు నుంచీ మగవాడికి సీటు దొరకడం లాటరీయే. నిలబడి నూట పది కిలోమీటర్లూ చేశాను. కామారెడ్డి ఒకప్పుడు బెల్లం వ్యాపారానికి పేరు. నిజామాబాదు నుంచి విడిపోయి 2016 అక్టోబరులో సొంత జిల్లా అయింది. పెద్ద రోడ్డూ, రైలు పట్టాలూ రెండూ ఉన్న ఊరు కనక వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఎక్కువ.

పాత స్పీకర్లకు కామారెడ్డి ఏమిటి అంటారా? అక్కడే ఉంది కిటుకు. 1973లో చమురు ధరలు పెరిగాక గల్ఫ్ దేశాల్లో కట్టడాలు మొదలయ్యాయి. ఈ చుట్టుపక్కల పల్లెల నుంచి మేస్త్రీలూ కూలీలూ వేలకు వేలుగా దుబాయి, మస్కట్, సౌదీ బాట పట్టారు. రెండేళ్ళకో మూడేళ్ళకో సెలవు మీద వచ్చేవాడు అత్తరు సీసా, దుప్పటి, టేప్‌రికార్డరు తెచ్చుకునేవాడు. కాస్త కలిగినవాడు జపాన్ స్టీరియో, రెండు పెద్ద స్పీకరు డబ్బాలు కూడా తెచ్చేవాడు. 1991కి ముందు మన దేశంలో విదేశీ సరుకు బజార్లో దొరకడమే కష్టం. మద్రాసులో సినిమావాళ్ళ ఇళ్ళల్లో ఉండే సరుకు లాంటిదే ఇక్కడ రేకుల ఇంట్లో కూడా మోగింది. ఆ డబ్బాలు నలభై ఏళ్ళకు అటకల మీంచి దిగి, ఎప్పుడో ఒకప్పుడు రిపేరు షాపుకు చేరతాయి.

నేను వెళ్ళిన షాపు పది అడుగుల గది. యజమానిని అందరూ చాచా అంటారు, నేనూ అదే పిలిచాను. గోడ నిండా కోన్లు ఊడిన స్పీకర్లు, గంటల్లా వేలాడుతున్న మాగ్నెట్లు. బేరానికి మూడు సరుకులు చూపించాడు.

మొదటిది నా గుండె ఆపేసింది. మూతపడ్డ ఒక సినిమా హాలు తెర వెనక నుంచి దింపిన హారన్. నిలువెత్తు చెక్క పెట్టె, దాని నెత్తిన ఇనప బాకా. తెల్లతెర నిండా సన్న చిల్లులుంటాయని ఎంతమందికి తెలుసో గానీ, ఆ చిల్లుల్లోంచి మనకు వినిపించిన ఎన్టీఆర్ గర్జన, సావిత్రి నిట్టూర్పు ఇలాంటి పెట్టెలోంచి వచ్చినవే. హాలీవుడ్‌లో ఎమ్‌జీఎమ్ శబ్ద విభాగం 1936లో ఇలాంటి రెండు భాగాల హారన్ తయారుచేసి అకాడమీ బహుమతి కొట్టేసింది. 1945లో ఆల్టెక్ లాన్సింగ్ కంపెనీ 'వాయిస్ ఆఫ్ ది థియేటర్' అని తెచ్చాక ప్రపంచమంతా ఆ దారే పట్టింది. ఆ రోజుల్లో యాంప్లిఫయర్ల బలం తక్కువ. పది పదిహేను వాట్లతో వెయ్యిమందికి వినిపించాలంటే హారనే గతి.

"ఇది పెద్దబాపు ఇంట్లో పెడితే!" అన్నాను.

చాచా నవ్వాడు. "పెడితే పెద్దబాపు బయట కూసోవాలె సాబ్."

నిజమే. హారన్‌లో కింది పెట్టె ఒక చోట, పై బాకా ఒక చోట పాడతాయి. ఆ రెండు గొంతులూ కలిసి ఒకటి కావాలంటే వినేవాడు చాలా దూరంలో ఉండాలి. పన్నెండు అడుగుల గదిలో కూర్చుంటే తబలా మోకాళ్ళ దగ్గర, ఘంటసాల దూలం దగ్గర వినిపిస్తారు. మనసు చంపుకుని పక్కకు జరిగాను. (ఫోటో తీసుకున్నాను, అది వేరే సంగతి.)

రెండోది దుబాయి నుంచి వచ్చిన జపాన్ జత. మూడు స్పీకర్లున్న పెట్టెలు, ముందు చెక్క జాలీ, పెద్ద ఊఫరు, వాల్‌నట్ రంగు. చూస్తే కళ్ళు తిప్పుకోలేం. చాచా వేలితో ఊఫరు అంచు చూపించాడు. కొత్త ఫోమ్ వేశాడట. 1970ల నుంచీ చాలా కంపెనీలు కోను చుట్టూ ఫోమ్ అంచు వాడాయి. గాలిలో తేమకే పదిహేను ఇరవై ఏళ్ళలో అది పొడి పొడిగా రాలిపోతుంది. కోను బాగానే ఉంటుంది, పట్టుకునే అంచు ఉండదు. అంచు మారిస్తే మళ్ళీ బతుకుతుంది. అయితే కోను సరిగ్గా నడిమధ్య కూర్చోవాలి. రెండు చేతుల వేళ్ళతో సమానంగా నొక్కి చూశాను. లోపల వాయిస్ కాయిల్ ఎక్కడా గీరుకోలేదు. మీటరు పెడితే ఆరు ఓమ్‌లు చూపింది. ఎనిమిది ఓమ్‌ల స్పీకరు డీసీ మీటరు మీద అంతే చూపిస్తుంది, కంగారు పడకండి. క్రాసోవర్‌లో కండెన్సర్లు మార్చాడా అని అడిగాను. మార్చాడు. వెల పదహారు వేలు.

మూడోది... దాన్ని నేను సరిగ్గా చూడనైనా లేదు. ఎవరో ఊళ్ళో వడ్రంగి చేసిన ప్లైవుడ్ డబ్బాలు. ఒక్కోదాంట్లో ఒకే ఒక ఎనిమిది అంగుళాల కాగితం కోను, దాని నడుమ ఇంకో చిన్న కాగితపు గరాటు. ట్వీటరు లేదు, క్రాసోవరూ లేదు. అంచు కూడా కాగితమే, మడతలు మడతలుగా. "గిది నూరేండ్లుంటది సాబ్, రాలేటందుకు ఫోమే లేదు" అన్నాడు చాచా. వెల మూడు వేలు.

నేను జపాన్ జతకే డబ్బు తీశాను. చాచా నోట్లు లెక్కపెడుతూ ఒక్క ప్రశ్న అడిగాడు: "ఇనేటాయన ఉమరు ఎంత?"

"ఎనభై నాలుగు."

ఆయన ఏమీ అనలేదు. ప్లైవుడ్ డబ్బాలు కూడా ట్రాలీ ఆటోలోకి ఎక్కించాడు. "రెండూ కొంచపోండ్రి. వద్దన్నది వాపస్ తెండ్రి. పైసల్ అప్పుడు చూసుకుందాం" అన్నాడు. నాకు కాస్త చిన్నతనమనిపించింది. స్పీకర్ల గురించి నాకు చెప్పేదేమిటని.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ. లింగంపేటలో నాగన్న బావి దగ్గర ఆటో ఆపించాను. రాతి మెట్ల బావి, అంతస్తులుగా కిందికి దిగుతుంది. శిథిలమై పడి ఉన్నదాన్ని ఈమధ్యే బాగుచేశారు. కిందికి దిగి ఒక్కసారి చప్పట్లు కొట్టాను. శబ్దం నాలుగు గోడలకూ తగిలి ఆలస్యంగా తిరిగొచ్చింది. డ్రైవరు పైనుంచి "ఏమైంది సార్?" అన్నాడు. ఏమీ కాలేదు. ఏ గదికి వెళ్ళినా చప్పట్లు కొట్టి చూడడం నా అలవాటు. వట్టి గోడల గది ఎంత మంచి స్పీకరునైనా ఇలాగే బావిలో పడేస్తుంది. పరుపూ, బట్టల దండెం, పుస్తకాల అలమరా ఉన్న గది నయం.

పెద్దబాపు గది ఆ లెక్కన బంగారం. మంచం, బొంతలు, మూలన ధాన్యం బస్తాలు. గోడ మీద వరదనీటి చార మాత్రం ఇంకా పోలేదు. హైదరాబాదు నుంచి భుజాన మోసుకొచ్చిన రికార్డు ప్లేయరు, పదిహేను వాట్ల యాంప్లిఫయరు బిగించాను. జపాన్ జత రెండు మూలల్లో దర్జాగా నిలబడింది. పెద్దమ్మ కొంగుతో వాటిని తుడిచింది. పెద్దబాపు పెట్టెలోంచి ఒక రికార్డు తీశాడు. అట్ట తడిసి బొమ్మ చెరిగిపోయింది, అందుకని ఎవరిదో నాకూ తెలియలేదు. ముల్లు పెట్టాను.

గది నిండిపోయింది. డోలక్ గుండెలో తగిలింది. నేను విజయగర్వంతో ఆయన వైపు చూశాను.

ఆయన తల వంచి వింటున్నాడు. పల్లవి అయిపోయింది, మొదటి చరణం అయిపోయింది. "మంచిగున్నది" అన్నాడు. కొంచెం ఆగి, మెల్లగా, పెద్దమ్మ వినకుండా అన్నట్టు అడిగాడు: "ఎవలు వాడుతున్నరు బిడ్డా?"

ఘంటసాల పాడుతున్నాడు.

నాకు నోట మాట రాలేదు. నలభై ఏళ్ళు ఆ గొంతును చెట్టుకొమ్మలకు కట్టిన మనిషి! ముసలితనంలో చెవి ముందుగా పోగొట్టుకునేది పై స్వరాలను. స, ష, చ లాంటి అక్షరాల పదును ఉండేది అక్కడే. అవి పోతే పాట వినిపిస్తుంది గానీ మాట వినిపించదు. దానికి తోడు నేను తెచ్చిన ఊఫరు కింది శబ్దంతో ఉన్న మాటను కూడా కప్పేస్తోంది. చాచా అడిగిన వయసు లెక్క అప్పుడు తలకెక్కింది.

ఏమీ అనకుండా వైర్లు ఊడదీసి ప్లైవుడ్ డబ్బాలకు కలిపాను. చేతులు కాస్త వణికాయి. మళ్ళీ ముల్లు పెట్టాను. గొంతు వచ్చింది గానీ ఎక్కడుందో తెలియడం లేదు, గదంతా పలచగా పరుచుకుంది. పెద్దబాపు లేచాడు. ఒక డబ్బా దగ్గరికి పోయి అరచేయి కోనుకు ఆనించి ఆనించనట్టు పెట్టాడు. తర్వాత రెండోదానికి పెట్టాడు. "ఒకటి ముంగటికి తంతున్నది, ఒకటి ఎనకకు గుంజుతున్నది. గీ డబ్బది వైరు ఉల్టా వెట్టినవ్ రా!"

అరచేతికి అంత తెలుస్తుందా అని నాకిప్పటికీ అనుమానమే. డబ్బా వెనక చూశాను. ఉల్టాయే! ప్లస్ ఉండాల్సిన చోట మైనస్ ఉంది. ఒక పెన్సిల్ సెల్లు తాకించి కోను ముందుకొస్తుందో వెనక్కిపోతుందో చూస్తే తేలిపోయే సంగతి. చిన్నపిల్లలకు కూడా నేనే చెబుతుంటాను. సిగ్గుతో మార్చాను.

ఈసారి ఘంటసాల రెండు డబ్బాల నడుమ, గోడ మీద వరద చార ఉన్న చోట, వచ్చి నిలబడ్డాడు. డోలక్ సన్నబడింది. మెరుపులేమీ లేవు. ఉన్నదంతా గొంతే. ఆలోచిస్తే అందులో వింతేమీ లేదు. 1951 నాటి 'మల్లీశ్వరి', 1957 నాటి 'మాయాబజార్' రోజుల్లో పాట ముందు సినిమా కోసం పుట్టింది. సినిమా హాలుకు చేరే ఫిల్ము మీది ఆప్టికల్ ట్రాకులో ఎనిమిది వేల సైకిళ్ళ పైన చెప్పుకోదగ్గదేమీ మిగలదు. పెండ్యాల అయినా, సాలూరు రాజేశ్వరరావు అయినా తమ సరుకంతా నడిమి స్వరాల్లోనే సర్దాల్సి వచ్చింది. ఆ నడిమి స్వరాలనే కాగితం కోను కాస్త ముందుకు తోసి మరీ చెబుతుంది. తక్కువ వాట్లకే గట్టిగా పలుకుతుంది కూడా. పదిహేను వాట్లు దానికి ఎక్కువే.

మన పాత పాటలకు ఇంట్లో ఖరీదైన మూడు స్పీకర్ల పెట్టెలు వద్దని నేను అనను. మా ఇంట్లో అవే ఉన్నాయి, వాటిని తీసే ఉద్దేశమూ లేదు. 1986లో 'సింహాసనం' ఆరు ట్రాకుల స్టీరియోతో వచ్చిన తర్వాతి పాటలకు అవి కావలసిందే. కానీ ఒకరి కోసం కొనేటప్పుడు వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ళకు బాగా తెలిసిన గొంతు వినిపించి కొనాలి. నేను కామారెడ్డిలో నా చెవులతో కొన్నాను.

పెద్దబాపు ఏం చేశాడో చెప్పలేదు కదూ. రెండో చరణం సగంలో ఆయన కుడిచేయి మోకాలి మీద తాళం వేయడం మొదలుపెట్టింది. చరణం చివర గాయకుడికంటే ఒక్క క్షణం ముందు ఆఖరి మాట పెదవులతో అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "గీ పాట మీద మీ నాయిన లగ్గం అయింది, ఎర్కేనా? జనరేటరు బందైతే బ్యాటరీ మీద నడిపిన" అన్నాడు. మా నాన్న పోయి పదకొండేళ్ళు. ఆయన పెళ్ళిలో ఏ పాట మోగిందో నేనెప్పుడూ అడగలేదు.

జపాన్ పెట్టెలు మళ్ళీ ట్రాలీ ఎక్కాయి. చాచా పదమూడు వేలు తిరిగి ఇచ్చాడు, ఏమీ అడగలేదు. అయితే ఆ సాయంత్రం ఎల్లారెడ్డిలో బయలుదేరడమే ఆలస్యమైంది. నిజాంసాగర్ వైపు పొద్దు వాలుతున్నా ట్రాలీ డ్రైవరు అరుగు మీంచి లేవడు. "పోదాం పదవయ్యా" అంటే, "రెండో దిక్కు కూడా ఎయ్యమనుండ్రి సార్, అయినంక పోదాం" అన్నాడు.