వంపు లేని పాదం

2024 జులై 28, ఆదివారం, రాజమండ్రి

తాడేపల్లిగూడెం నుంచి అక్క కొడుకు వచ్చాడు. వస్తూనే బూట్లు విప్పి లోపలి మెత్తలు బయటికి తీశాడు. "ఇవి వేసుకుని తిరిగితే సెలెక్షన్ల నాటికి వంపు వచ్చేస్తుందంట మావయ్యా. రాకపోతే ఆపరేషన్ ఉందంట." ఆ మెత్తల ఖరీదు వింటే అక్క చిట్టీ డబ్బులు గుర్తొచ్చాయి.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని అందరూ మిలిటరీ మాధవరం అనే అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తరం వెంట తరం సైన్యంలోకి వెళ్తున్న ఊరు. ఆ చుట్టుపక్కల పెరిగిన కుర్రాడికి "ఫ్లాట్ ఫుట్" అనే మాట ఎంత భయమో వీడి ముఖంలో కనిపించింది.

కాళ్లు తడిపి గచ్చు మీద నిలబడమన్నాను. అచ్చు నిండుగా పడింది, నడుమ ఖాళీ లేదు. మునివేళ్ల మీద లేవమన్నాను. లేవగానే లోపలి వైపు వంపు తేలింది, మడమ లోపలికి తిరిగింది. నొప్పి ఉందా అంటే ఎప్పుడూ లేదన్నాడు.

జులై 29

ఎన్.డి.ఏ. పరీక్ష నోటిఫికేషన్ అనుబంధంలో పాదాల సంగతి స్పష్టంగా ఉంది. మునివేళ్ల మీద నిలబడ్డప్పుడు వంపు కనబడి, ఆ వేళ్ల మీదే గెంతుతూ పరుగెత్తగలిగి, పాదం నొప్పి లేకుండా సులువుగా కదులుతుంటే తీసుకోవచ్చు. బిగుసుకుపోయిన పాదమైతే, దాని ఆకారం ఎలా ఉన్నా, పనికిరాదు. ఇది ఆఫీసర్ల కొలమానం. జవాన్ల ర్యాలీలో నిర్ణయం అక్కడి మిలిటరీ డాక్టరుది. అయినా సైన్యం అడిగేది పాదం అందం కాదు, పని.

వాడికి ఫోన్లో చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మళ్లీ చదువు మావయ్యా" అన్నాడు.

ఆగస్టు 16, వరలక్ష్మీ వ్రతం

ఇల్లంతా పసుపు పాదాల అచ్చులు. కోడలిది సన్నని నడుము ఉన్న అచ్చు. అమ్మది నిండు అచ్చు. అమ్మ ఏళ్ల తరబడి ఊడ్పు చేలల్లో వంగి నాట్లు వేసింది. కాళ్లు నొప్పి అని పడుకోగా నేను చూడలేదు.

పాదం వంపును నిలబెట్టేది ఎముకల అమరిక ఒక్కటే కాదు. మడమ నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద దళసరి పట్టీ ఒకటి ఉంటుంది. బొటనవేలు పైకి లేచినప్పుడల్లా, పడవ మీద తెరచాప తాడును గిలకకు చుట్టి లాగినట్టు, ఆ పట్టీ బిగిసి వంపును లేపుతుంది. పిక్కలోంచి చీలమండ లోపలి వైపుగా దిగే స్నాయువు పైనుంచి పట్టుకుంటుంది. పసిపిల్లల అరికాలు కొవ్వు మెత్తతో చదునుగానే ఉంటుంది. చాలామందికి పదేళ్లలోపు వంపు దానంతటదే ఏర్పడుతుంది.

ఆగస్టు 18

మన దేశంలో ఉదయభాస్కర రావు, బెంజమిన్ జోసెఫ్ 4 నుంచి 13 ఏళ్ల పిల్లలు 2,300 మంది పాదముద్రలు తీసి 1992లో ప్రచురించారు. చెప్పులో బూట్లో వేసుకునే పిల్లల్లో నూటికి 8.6 మందికి చదును పాదం. ఉత్త కాళ్లతో తిరిగేవాళ్లలో 2.8. ముందు మూసి ఉండే బూట్లవాళ్లలో అన్నిటికన్నా ఎక్కువ. కాన్వెంటు బూట్లలో రోజంతా కాళ్లు బిగించి పంపుతున్న మన ఊళ్లలో ఈ సంగతి ఎవరూ చెప్పుకోరు.

అంతకు ముందే, 1989లో, అమెరికాలో వెంగర్ బృందం మరో ప్రశ్నకు జవాబు వెతికింది. కొందరు పిల్లలకు ప్రత్యేక బూట్లు, కొందరికి మెత్తలు, కొందరికి ఏమీ ఇవ్వకుండా మూడేళ్లు చూశారు. అందరి పాదాలూ మెరుగుపడ్డాయి. ఏమీ వాడనివాళ్లవి కూడా అంతే.

మెత్త ఉపయోగం మెత్తకు ఉంది. నొప్పి ఉన్నవాళ్లకు బరువును సర్ది ఉపశమనం ఇస్తుంది. బూటు విప్పాక పాదం మళ్లీ తన తీరులోనే ఉంటుంది.

సెప్టెంబర్ 8

ఆపరేషన్ మాట మళ్లీ ఎత్తాడు. స్నేహితుడెవరో ఎక్కించాడు.

శస్త్రచికిత్స నిజంగానే వంపును మారుస్తుంది. డిల్విన్ ఎవాన్స్ 1975లో వివరించిన పద్ధతిలో మడమ ఎముకను కోసి, మధ్యలో ఎముక ముక్క పెట్టి పొడిగిస్తారు. ఇంకో పద్ధతిలో మడమను లోపలికి జరుపుతారు. స్నాయువు తెగిన నడివయసు వాళ్లకు పక్క స్నాయువును మార్చి కుడతారు. వంకర బిగుసుకుపోతే కీళ్లను అతికించేస్తారు. తర్వాత వారాల తరబడి కట్టు, కాలు నేల మోపకూడదు. అతికించిన కీలు మళ్లీ కదలదు. అంటే నొప్పి లేని మెత్తటి పాదాన్ని కోయించుకుని, సైన్యం వద్దనే బిగుసు పాదాన్ని తెచ్చుకునే ప్రమాదం ఉంది. విడమరచి చెప్పాను. ఈసారి విన్నాడు.

నవంబర్ 24, ఆదివారం

పుష్కర ఘాట్‌లో మాల వేసుకున్న స్వాములు. మా వీధిలో ఒకాయనకు ఎన్నో ఏళ్లుగా షుగరు, అరికాలు స్పర్శ తగ్గింది, అయినా ఉత్త కాళ్లే. ఇక్కడ నా మాట పూర్తిగా తిరగబడుతుంది. స్పర్శ పోయిన పాదంలో ఎముకలు తెలియకుండానే విరిగి, వంపు కుంగి, అడుగు భాగం ఉబ్బి పుండు పడుతుంది. కుష్ఠు రోగుల పాదాలు కాపాడటానికి మన దేశంలో వాడుకలోకి వచ్చిన ఎం.సి.ఆర్. అనే మెత్తటి రబ్బరు చెప్పులే ఇప్పుడు షుగరు ఉన్నవాళ్లనూ కాపాడుతున్నాయి. స్వామీ, దీక్షలోనూ అవి తొడుక్కోండి అని చేతులు పట్టుకుని అడిగాను.

నవంబర్ 25

పిల్లల తల్లిదండ్రులకు ఒక్క మనవి. మునివేళ్ల మీద వంపు తేలుతూ, నొప్పి లేకుండా ఆడుకునే పిల్లల కాళ్ల కోసం అప్పు చేయకండి. ఇసుకలో, గట్ల మీద ఉత్త కాళ్లతో నడవనివ్వండి. నొప్పి ఉన్నా, పాదం బిగుసుకున్నా, ఒక్క కాలే చదునవుతున్నా ఆలస్యం చేయకుండా ఎముకల డాక్టరుకు చూపించండి.