చింతగింజల పందెం

మా ఇంట్లో పేకాట అన్నది తిట్టు. మూడు ముక్కలాటలో మా నాయన పోగొట్టిన ఎకరా మామిడితోట లెక్క మా అమ్మ చనిపోయేదాకా చెబుతూనే ఉండేది. ఆ తోట ఆమెకు పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమల కింద ఇచ్చింది. ఆడింది ఆయన, వేలిముద్ర వేసింది ఆమె. ముందు తన్నోడి నన్నోడాడా, నన్నోడి తన్నోడాడా అని ద్రౌపది సభలో అడగగలిగింది. మా అమ్మకు సభే లేదు.

అందుకే ఉద్యోగ విరమణ తర్వాత పూతలపట్టులో స్థిరపడ్డాక, ఎదురింటి అంగన్‌వాడీ టీచరు "ఆదివారం మధ్యాన్నం మా మిద్దెమింద రమ్మీ ఆడతామక్కా, నువ్వూ రా" అన్నప్పుడు నాకు కంపరం పుట్టింది. మూడు వారాలు తప్పించుకున్నాను. నాలుగోవారం వాళ్ళలో ఒకామె కూతురి కాన్పుకు బెంగుళూరు పోయింది, మనిషి తక్కువైంది. మొహమాటానికి మెట్లెక్కాను.

టీచరు, పాలుపోసే ఆమె, ఒక టైలరు. పందెం చింతగింజలు, మనిషికి నూరు. ఆట అయ్యాక అన్నీ మళ్ళీ డబ్బాలోకే. టైలరు కొడుకు సెల్‌ఫోన్ రమ్మీలో అప్పులపాలయ్యాడట. అయినా ఈమె ఎందుకొస్తుందో నాకు అర్థం కాలేదు. అడిగితే, "వాడు ఆడింది డబ్బుతో అక్కా, నేనాడేది మీతో" అంది.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని మన రాష్ట్రం 2020లో నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అంతకు ఎంతో ముందు, సికింద్రాబాదు క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీలో నైపుణ్యమే ప్రధానమంది. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి అంది. 1968 తీర్పుగా ప్రసిద్ధం. ఆ న్యాయమూర్తులు మా మిద్దెమీదికి వచ్చుంటే బాగుండేది! ఏ పిల్ల ఎంత బరువుందో నెలనెలా రాసే టీచరుకు ఇస్పేటు తొమ్మిది ఎవరు ఎప్పుడు వేశారో గుర్తే. పాలామె చేతివేళ్ళమీదే లెక్క కట్టేస్తుంది. ఇదే నైపుణ్యం ఇంట్లో, పొదుపు సంఘంలో చూపిస్తే ఎవరూ దానికి ఆ పేరు పెట్టరు.

మనిషికి పదమూడు ముక్కలు. జోకరు లేని వరుస ఒక్కటైనా కుదరకపోతే చేతిలో ఉన్నదంతా లెక్కే, ఎనభై దాకా. ముక్కలు బాగా లేకపోతే మొదట్లోనే ఇరవై గింజలిచ్చి డ్రాప్ చెప్పొచ్చు. ఈ నియమం దగ్గరే నేను చాలాకాలం ఆగిపోయాను. ఇంత తేలిగ్గా లేచిపోవచ్చా? పేకలో ఎన్ని ముక్కలుంటాయో కూడా తెలియకుండా పోకర్ నేర్చుకోవడానికి దిగిన మరియా కొన్నికోవా, ఎదుటి మగవాళ్ళు దబాయిస్తే మంచి ముక్కలు కూడా వదిలేసేదాన్నని 2020లో వచ్చిన తన పుస్తకంలో రాసింది. మా బల్ల దగ్గర జరిగేది దానికి తలకిందులు. ఎవ్వరం వదలం. ఎంత పనికిమాలిన చేతినైనా సర్దుకుని, ఇంకొక్క ముక్క వస్తే బాగుపడుతుందని కూర్చుంటాం. కాపురాల్లాగే, అనుకున్నాను. పాలామె ఒక్కతే మొహమాటపడదు. "విరిగిన పాలను ఎంతసేపు కాస్తావక్కా, మీగడ కడతాదా?" అని నా చేతిలోకి తొంగిచూసి నవ్వుతుంది.

మొదట్లో వీళ్ళు వరండాలోనే ఆడేవాళ్ళట. "ఆడోళ్ళకు పేకాటేంది?" అని ఒకాయన కేకలేశాక మిద్దె ఎక్కారు. ఆయన మాత్రం చెట్టుకింద, రోడ్డుపక్కనే, నోట్లు పరిచి ఆడతాడు. అవే చింతగింజలతో మేము వామనగుంటలు ఆడితే సంప్రదాయం, ముక్కలు పట్టుకుంటే చెడిపోవడం. నాకీ తర్కం అంతుపట్టదు.

రెండు కట్టలూ నలిగిపోయాయి. కొత్తవి కావాలంటే అంగడికి పోయి అడగాలి కదా, అక్కడ ముగ్గురూ వెనకాడారు. పోయిన వారం నేనే పోయాను. "సారుకా మేడం?" అన్నాడు అంగడతను. "నాకే" అన్నాను. తెచ్చిచ్చాక పాలామె కట్ట విప్పుతూ, "జోకర్లు సరిగ్గా వుండాయా, చూసి తెచ్చినావా?" అంది.